ఇద్దరూ చూసినవి

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ తారామణి అంటుంది. కాదు, నాకు తప్పులంటే కోపం. ఈ రెండింటికీ తేడా ఉందని ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతోంది.

ఉప్పల్ రోడ్డులో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. భూకంపాలను పట్టే యంత్రాలు చూసుకోవడం నా ఉద్యోగం. ఆ పనిలో మొదటిరోజే నేర్పేది ఒకటుంది. ఒక స్టేషన్లో ముల్లు కదిలితే బయట లారీ పోయినట్టు, రెండు స్టేషన్లలో కదిలితే భూమి కదిలినట్టు. ఒక్కచోటే వచ్చిన రీడింగు ఎంత ముచ్చటగా ఉన్నా సరే, కొట్టేయాలి. అలా కొట్టేయగా మిగిలినవాటిని పట్టికలు వేసి శాస్త్రవేత్తలకు ఇచ్చేవాణ్ణి. వాళ్ళు పేపర్లు అచ్చు వేసుకునేవారు. వాటిలో నా పేరు ఎక్కడా ఉండేది కాదు. ఒకాయన మాత్రం జాలిపడి చివరి పేజీలో కృతజ్ఞతలు చెప్పాడు, అదీ మా సెక్షన్ మొత్తానికి కలిపి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా పేరు ఒక్కసారైనా అచ్చులో చూసుకోవాలని నాకు ఉండేది. సిగ్గు పడాల్సిన కోరికేమీ కాదనుకుంటాను.

2002 వేసవిలో డాక్టరు నడవమంటే పొద్దున్నే నాచారం పెద్దచెరువు దాకా నడిచేవాణ్ణి. అక్కడ మంచినీళ్ళ పైపు వాల్వు ఒకటి ఏళ్ళ తరబడి కారుతూ ఉండేది. ఎండలు ముదిరేకొద్దీ ఊరంతా ఎండిపోయినా ఆ వాల్వు చుట్టూ జానెడు మేర బురదగా ఉండేది. ఆ బురద మీద సీతాకోకచిలుకలు వాలేవి. పసుపువి, తెల్లవి, జిల్లేడు చెట్ల మీద పెరిగే నారింజ రంగువి, కరివేపాకు చెట్ల మీద పెరిగే నల్లచుక్కలవి. మట్టిలోని ఉప్పును పీల్చుకోవడానికి వస్తాయట. నేను గొంతుకూర్చుని రోజూ లెక్కపెట్టి చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. దారినపోయేవాళ్ళు నన్ను నీళ్ళ ఆఫీసు మనిషి అనుకున్నారు. ఒకామె బిందె పట్టుకుని వచ్చి, తమ గల్లీకి నల్లా ఎప్పుడిస్తారని నిలదీసింది కూడా.

ఒకరోజు సైకిల్ మీద పోతున్న మనిషి ఆగాడు. నలభై ఏళ్ళుంటాయి, ఖాకీ చొక్కా, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా.

"ఏం పోయింది సార్? ఉంగరమా?" అన్నాడు.

"ఏమీ పోలేదు. సీతాకోకచిలుకల్ని లెక్కపెడుతున్నాను."

అతను నవ్వలేదు. అందుకే నాకు నచ్చాడు. స్టాండు వేసి వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఎన్నైనయి?"

"ఇరవై మూడు."

వేలు ఆడిస్తూ అతనూ లెక్కపెట్టాడు. "ఇరవై నాలుగు సార్. అగో, ఒకటి ఎండుటాకు లెక్క రెక్కలు మూసుకొని కూసున్నది."

నిజంగానే ఉంది. పుస్తకంలో అంకె దిద్దుకున్నాను. నాకంటే అతని కళ్ళే నయమని ఆ రోజు నాకు నేనే ఒప్పుకున్నాను. ఆ సంగతిని తర్వాత అంత సులువుగా ఎలా మరిచిపోయానో ఇప్పటికీ అంతుపట్టదు.

అతని పేరు కొమురెల్లి. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి నాచారం పారిశ్రామికవాడలో పంపుల కంపెనీలో పనిచేస్తున్నాడు. రోజూ మధ్యాహ్నం కంపెనీ నీళ్ళ ట్యాంకు ఎక్కి ఎంత నిండిందో చూసి రావడం అతని పనుల్లో ఒకటి. ఆ ట్యాంకు మీద నుంచి ఉప్పల్ నల్లచెరువు దాకా ఆకాశం కనిపిస్తుందట. "మీరు కిందికి సూస్తరు, నేను మీదికి సూస్త" అన్నాడు. అలా మా పుస్తకంలో సీతాకోకచిలుకల పక్కన వేటపక్షులు చేరాయి. వాటి గురించి నాకు తెలిసిందంతా అతను నేర్పిందే. తోక చీలి ఉంటే మామూలు గద్ద. ఒళ్ళు ఇటుక రంగు, తల తెలుపు అయితే గరుడపక్షి. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి కిందికి చూసే తెల్లటి చిన్నదాన్ని రామదాసు అంటారు. కాకులు గోల పెడుతూ వెంటపడుతున్నాయంటే దగ్గర్లో డేగ ఉన్నట్టు. నేను వెంటనే దాని పుస్తకపు పేరు వెతికి రాసుకునేవాణ్ణి. ఇద్దరిలో పంతుల్ని నేనే అన్నట్టు ఉండేది నా వ్యవహారం.

పుస్తకానికి నియమాలు నేనే పెట్టాను. ఉగాది నాడు తెరవాలి, మృగశిర కార్తె వచ్చిన రోజు మూయాలి. ఒకరు చూసింది ముందు పెన్సిల్‌తో రాయాలి. రెండోవాడికి చెప్పాలి. రెండోవాడు వెళ్ళి కళ్ళారా చూశాకనే ఇంకుతో దిద్దాలి. చూడలేకపోతే రబ్బరుతో చెరిపేయాలి. మూసే రోజున మా వరండాలో కూర్చుని ఇంకుతో ఉన్న ప్రతి పంక్తి పక్కనా ఇద్దరం సంతకాలు పెట్టాలి. అట్ట మీద 'ఇద్దరూ చూసినవి' అని గుండ్రంగా రాశాను. లారీలకీ భూకంపాలకీ తేడా తెలిసినవాణ్ణి కదా.

రెండో వేసవిలో, 2003లో, ఎండలు మనుషుల్ని మాడ్చేశాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు రోళ్ళు పగలడం ఒక్కటే తక్కువ. మే ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం కొమురెల్లి డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. చొక్కా ఉప్పు గీతలు కట్టి ఉంది. వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"సార్, ఇయ్యాల రాబందును సూసిన" అన్నాడు.

నేను నవ్వాను.

"నిజం సార్. ట్యాంకు మీద ఉన్న. పెద్దచెరువు గట్టు కాడ సచ్చిన బర్రె ఒకటి పడున్నది. గద్దలు తిరుగుతున్నయి. వాటి నడుమకెల్లి ఇది వచ్చింది. రెక్క ఆడిస్తనే లేదు. గద్దలు దాని ముంగట కోడిపిల్లల లెక్క ఉన్నయి. మెడ బోడిగ, నడుము మీద తెల్లగ. మూడు సుట్లు తిరిగి దిగింది."

"రాబందులు ఎక్కడున్నాయయ్యా ఇప్పుడు? దేశంలోనే లేకుండా పోతున్నాయని పేపర్లో రాశారు. ఎండకు కళ్ళు బైర్లు కమ్మి ఉంటాయి. ముందు మజ్జిగ తాగు."

తారామణి మజ్జిగ తెచ్చింది. అతను గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నియమం ప్రకారం పుస్తకంలో పెన్సిల్‌తో 'రాబందు' అని రాసి, మర్నాడు పొద్దున్నే ఇద్దరం చెరువు గట్టుకు వెళ్ళాం. బర్రె ఉంది, సగం పోయింది. దాని మీద గద్దలు, కాకులు, రెండు కుక్కలు. గద్దల్లో ఒకటి కొంచెం పెద్దగా కనిపించింది. కనిపించిందో, కనిపించాలని నేను అనుకున్నానో.

"అదుగో నీ రాబందు" అన్నాను.

కొమురెల్లి దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

మామూలుగా అయితే ఆ పంక్తిని చెరిపేయాలి. నేను ఇంకా తెలివిగా చేశాను. అతను చూసిన చోటే, అదే బర్రె మీద నేనూ పెద్ద గద్దను చూశాను కాబట్టి ఇద్దరం ఒకే పక్షిని చూసినట్టు లెక్క అనుకున్నాను. పెన్సిల్‌తో ఉన్న 'రాబందు' చెరిపి, ఇంకుతో 'గద్ద, ఒకటి, ఆకారం పెద్దది' అని రాశాను. పది రోజుల తర్వాత మృగశిర నాడు సంతకాలకు కూర్చున్నప్పుడు కొమురెల్లి ఆ పంక్తి దగ్గర ఆగాడు. కింద వేలు పెట్టి చదివాడు. అతనికి తెలుగు చదవడం బాగానే వచ్చు.

"ఇది గద్దేనా సార్?"

"గద్దే."

"సరే సార్" అని సంతకం పెట్టాడు.

తర్వాత పదకొండేళ్ళు ఏ ఉగాదీ తప్పలేదు. వాల్వు బాగుచేశారు, బురద పోయింది. సీతాకోకచిలుకల కోసం మేము మల్లాపూర్ వైపు నర్సరీకి మారాం. స్టేడియం వచ్చింది. రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభాలు లేచాయి. గద్దలు చెట్లు వదిలి క్రేన్ల మీద, సెల్ టవర్ల మీద కూర్చోవడం నేర్చుకున్నాయి. ఉద్యమం రోజుల్లో మా కాలనీలో సగంమంది సగంమందితో మాట్లాడటం మానేశారు. మాది తెనాలి దగ్గర. పాలవాడు కూడా "మీరు ఉంటరా, పోతరా సార్?" అని అడిగేవాడు. కొమురెల్లి మాత్రం బందు రోజున కూడా నడిచి వచ్చి, "సార్, ఈఎస్ఐ దవాఖాన ఎనక డేగ గూడు కట్టింది, జర రాండి" అని పిలుచుకుపోయేవాడు. అప్పటికి నేను రిటైరై ఉన్నాను. చేతిలో పని లేనివాడికి ఆ పిలుపు ఎంత అవసరమో అతనికి తెలుసో లేదో. నేను చెప్పలేదు.

ఇక 2014. అప్పటికి పదమూడు పుస్తకాలయ్యాయి. కొమురెల్లి కూతురు మానస యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ చేస్తోంది. తూర్పు హైదరాబాదులో వేసవి వేటపక్షుల మీద ప్రాజెక్టు. మే నెలలో వచ్చి మా పుస్తకాలు అడిగింది. వాటిని వాళ్ళ ప్రొఫెసర్‌కు చూపిస్తే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడట. ఒక్క కొట్టివేత లేదు, ప్రతి పంక్తికీ ఇద్దరు సాక్షులు, పదమూడేళ్ళు. డిపార్ట్‌మెంటు పత్రికలో మొత్తం పట్టిక వేద్దామన్నాడట.

"మీ ఇద్దరి పేర్లు పైన ఉంటయి అంకుల్. మురళీధర్, కొమురెల్లి. కింద నాది" అంది మానస.

ఆ రోజు నేను స్వీట్లు కొనుక్కొచ్చాను. తారామణి ఎందుకని అడిగితే రాష్ట్రం వస్తోందిగా అన్నాను. "మీకెప్పటినుంచి అంత సంబరం?" అంది.

జూన్ రెండు వెళ్ళిపోయింది. వీధంతా గులాబీ కాగితాల తోరణాలు ఎండకు వెలిసిపోతున్నాయి. ఏడో తేదీ సాయంత్రం మానస పుస్తకాలన్నీ తిరిగి తెచ్చింది. 2003 పుస్తకం తెరిచి ఒక పంక్తి చూపించింది.

"అంకుల్, ఇది ఏంది? 'ఆకారం పెద్దది' అని ఇంకెక్కడా రాయలేదు మీరు."

"పెద్దగా ఉంది కాబట్టి రాశాను."

"మా నాన్న రాబందు అంటడు. చిన్నప్పటి సంది మాకు చెప్తనే ఉంటడు, నాచారంల ఆఖరి రాబందును నేనే సూసిన అని. టైపు చేస్తుంటే తారీఖు చూసి అడిగిన. అది మీరు రాసిందే, అట్లనే ఉండనియ్ అన్నడు."

నాకు సర్రున కోపం వచ్చింది. "పక్కన సంతకం ఎవరిదమ్మా?"

"నాన్నదే."

"మరి?"

ఆ పిల్ల పుస్తకం మూసింది. "రాబందు అయితే మస్తు పెద్ద విషయం అంకుల్. మన దిక్కు ఎప్పటిదాక ఉన్నయో నేను చూసిన పుస్తకాలల్ల లేదు. అందుకే అడిగిన. తప్పయితే ఏమనుకోకండి" అని వెళ్ళిపోయింది.

తారామణి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడ నవ్వలేదు. దానికే నాకు భయం వేసింది.

"రాబందనే అన్నాడు" అంది. "నేను మజ్జిగ ఇచ్చాను. బోడి మెడ అన్నాడు, నడుము మీద తెలుపన్నాడు. చేత్తో చూపించాడు కూడా. మీరు ఎండదెబ్బ అన్నారు."

"నీకేం తెలుసు పక్షుల గురించి?"

"పక్షుల గురించి తెలియదు. మీ గురించి తెలుసు."

వరండాలో కూర్చుని ఆలోచించాను. ఆ పంక్తి మార్చడమంటే ఏమిటో నాకు స్పష్టంగా తెలుసు. ఒక మనిషి చూసిందాన్ని నేను చెరిపి, వేరేది రాసి, అతని చేత సంతకం పెట్టించానని ఒప్పుకోవడం. ఒక్కచోట అలా జరిగిందని తెలిస్తే మిగతా పంక్తుల్ని ఏ ప్రొఫెసరు నమ్ముతాడు? నేనైతే నమ్మను. నేనే ఆయన స్థానంలో ఉంటే పదమూడు పుస్తకాలూ కట్టగట్టి వెనక్కి పంపేవాణ్ణి. పైన ఉంటుందన్న పేరు పోతుంది. ఊరుకుంటే పేరు ఉంటుంది, కొమురెల్లి కూడా ఏమీ అనడు. అతను అనడని నాకు తెలియడమే నన్ను కాల్చింది.

మర్నాడు మృగశిర. పుస్తకం మూసే రోజు. ఏటా అతనే మా ఇంటికి వచ్చేవాడు. ఈసారి నేను పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని పొద్దున్నే అతనింటికి బయలుదేరాను. పన్నెండేళ్ళ స్నేహంలో ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారని గల్లీ మొదట్లో దారి అడగాల్సి వచ్చినప్పుడు తెలిసొచ్చింది.

రేకుల ఇల్లు, రెండు గదులు, ముందు నీళ్ళ డ్రమ్ము. కొమురెల్లి భార్య సత్తమ్మ గడప పక్కన కూర్చుని మృగశిర నాడు తినే చేపలు తోముతోంది. నన్ను చూసి గాబరాగా లేచి చేపల పళ్ళెం చాటుకు జరిపింది. మేము తినమని ఆమెకు తెలుసు.

"ఉండనివ్వమ్మా. పండుగ మీది" అన్నాను. "కాసిని మంచినీళ్ళివ్వు."

ఆమె మొగుడి వైపు చూసింది. అతను తల ఊపాడు. స్టీలు గ్లాసు రెండుసార్లు కడిగి నీళ్ళు తెచ్చింది. ఎండలో నడిచొచ్చాను, గటగటా తాగేశాను.

కుర్చీ ఒకటే ఉంది. నాకు వేసి కొమురెల్లి గడప మీద కూర్చున్నాడు. నేను కుర్చీ వదిలి అతని పక్కన కూర్చుని 2003 పుస్తకం తెరిచాను.

"ఆ రోజు నువ్వు చూసింది రాబందే కదా?"

"ఇడువండి సార్. పాత ముచ్చట."

"కొమురెల్లీ, రాబందేనా?"

అతను కూతురి వైపు కోపంగా చూశాడు. మానస లోపలి గుమ్మంలో నిలబడి ఉంది.

"రాబందే" అన్నాడు.

"అంత గట్టిగా ఎలా తెలుసు? ఒక్కసారి, అంత దూరం నుంచి?"

అతను మెల్లగా చెప్పాడు. "మా నాయిన పని సచ్చిన గొడ్లను ఊరి బయటికి గుంజుకపోవుడు సార్. ఆయన తోలు ఒలుస్తుంటే నేను కట్టె వట్టుకొని పక్కన నిలవడేది, రాబందులను ఆపెతందుకు. అవి దూరంగ సుట్టు కూసునేవి. ఒలుచుడు అయ్యేదాక నేను వాటిని, అవి నన్ను సూసుకుంట ఉండేది. పదేండ్లు అదే పని. ఏది ముసల్ది, ఏది పిల్ల, అన్ని తెలుసు నాకు. గద్దను సూసి రాబందు అనుకుంటనా సార్ నేను?"

"మరి ఆ రోజు ఈ మాట ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీ అరుగు మీద కూసోని, మీ గిలాసల మజ్జిగ తాక్కుంట, ఈ ముచ్చట ఎట్ల జెప్పుదు సార్?"

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ముప్ఫై ఏళ్ళు యంత్రాలను చూసుకున్న నేను, నా ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

పెన్ను తీసి ఆ పంక్తిని ఒకే గీతతో కొట్టేశాను. పదమూడు పుస్తకాల్లో మొదటి కొట్టివేత. పైన 'రాబందు, ఒకటి. చూసినవారు కొమురెల్లి. గద్ద అని మార్చి రాసింది మురళీధర్' అని రాసి సంతకం చేశాను.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా? నేను మార్చినవి? ఉంటే ఇప్పుడే చెప్పు" అన్నాను.

"మీరు మార్చినయి లేవు సార్." సంచి దగ్గరికి లాక్కున్నాడు. "నేను సూడకుంట సంతకం వెట్టినయి ఉన్నయి."

అర్థం కాలేదు.

అతను సంచిలోంచి 2009 పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టాడు. ఏప్రిల్ పంతొమ్మిది. స్టేడియం దీపాల స్తంభం మీద పాముల గద్ద, గోళ్ళలో పాము. ఆ పంక్తి అంటే నాకు ప్రాణం. మా ఇంటికొచ్చిన ప్రతివాడికీ చదివి వినిపించేవాణ్ణి. మానస ప్రొఫెసరు కూడా దాని పక్కన టిక్కు పెట్టాడట.

"ఆ వారం నాకు డబుల్ డ్యూటీ. స్టేడియం దిక్కు పోనే లేదు. మీరు అడిగితే సూసిన అన్న."

"ఎందుకలా చెప్పావు?"

"మీరు సూసిన్రు గద సార్. మీరు అబద్ధమాడుతరా?" అన్నాడు, అందులో అడగడానికేముందన్నట్టు. "నేను మల్ల పోయి సూసేది ఏమున్నది?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు, ఆ వయసులో దాచుకుని చేసేదేముంది. అతను ఒక్కడు చూసినవాటిని నేను రబ్బరుతో చెరిపేశాను. నేను ఒక్కణ్ణి చూసినవాటికి అతను సంతకం పెట్టాడు. నేను పెట్టిన నియమం పదమూడేళ్ళూ నిలబడింది అతని నమ్మకం మీద, నేను అనుకున్నది మాత్రం నా జాగ్రత్త మీద అని.

మానస వచ్చి మా ఇద్దరి ఎదురుగా నేల మీద కూర్చుంది. అవన్నీ గుర్తుపట్టాలి అంది. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నేను పంక్తి చదవడం, అతను "సూసిన" అనో "మీరే" అనో అనడం, ఆమె పెన్సిల్‌తో చుక్క పెట్టడం. సీతాకోకచిలుకల్లో ఒక్క చుక్క కూడా పడలేదు, అవి ఎప్పుడూ పక్కపక్కన గొంతుకూర్చుని లెక్కపెట్టినవే. పక్షుల దగ్గరే చుక్కలన్నీ. నాలుగు వందల పన్నెండు పంక్తుల్లో తొంభై ఏడు నేను ఒక్కణ్ణే చూసినవని తేలాయి. మధ్యలో నీళ్ళ డ్రమ్ము కింది తడి మీద ఒక పసుపుపచ్చ సీతాకోకచిలుక వాలింది. ఇద్దరం ఒకేసారి తలెత్తాం. ఆ ఏటి పుస్తకంలో చివరి పంక్తి అదే. దానికి మాత్రం ఏ అనుమానమూ లేదు.

"ప్రొఫెసర్ సార్ ఏమంటడో చెప్పలేను అంకుల్" అంది మానస. "ఇద్దరు చూసినయే తీసుకుంట అనొచ్చు. మొత్తానికే వద్దనొచ్చు. పేర్ల సంగతి..."

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. పేరు సంగతి వదిలెయ్" అన్నాను. ఆ మాట అనడం తేలిగ్గా ఏమీ లేదు. అయినా అన్నాను.

ఆమె తెల్లకాగితం తీసి పైన 'ఒక్కరే చూసినవి' అని రాసింది. గడులు గీసింది. తారీఖు, పక్షి, చోటు, చూసినవారు. తారీఖుల వరుసలో తీసుకుంటే అన్నిటికంటే ముందు వచ్చింది రాబందు. 2003 మే 28, చెరువు గట్టు, కొమురెల్లి. దాని కింద వరుసగా నావి తొంభై ఏడు. పాముల గద్ద ఎక్కడో మధ్యలో ఉంది.

నేను ఆ కాగితం అడిగి తీసుకున్నాను. చివరి గడి పక్కన స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను.

"మీరు చూడలేదు కదా అంకుల్, సంతకం ఎట్ల పెడ్తరు?" అంది మానస. తండ్రి పోలికే గానీ, నియమాల దగ్గర నా శిష్యురాలు.

"చూసినవాళ్ళ గడిలో పెట్టడం లేదమ్మా" అన్నాను. గీసిన గడి పైన 'నమ్మినవారు' అని రాశాను.

తొంభై ఏడు పంక్తులకూ ఆ గడిలో కొమురెల్లి పేరే. వాటి తేదీలు పుస్తకాల్లోనే ఉన్నాయి, ప్రతి ఏడూ ఆ ఏటి మృగశిరే. మొదటి పంక్తి ఒక్కటే ఖాళీ. అక్కడ నా సంతకం పెట్టాను. కొమురెల్లి ముందుకు వంగి దాని కింద వేలు పెట్టి చదివాడు, వెనకటిలాగే.

"తేదీ కూడా వెయ్యండి అంకుల్" అంది మానస.

వేశాను. ఎనిమిదో తేదీ, జూన్, రెండువేల పద్నాలుగు.